పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను బాగు చేయించుకోవడం: ఇంటి పరీక్షల నుంచి పరీక్ష రీలు దాకా

అటక మీది పెట్టెలోంచి తాతగారి యాషికా ఎలక్ట్రో 35 బయటపడుతుంది. లేదా ఎవరో అమ్ముతుంటే ఒక కేనొనెట్, ఒక జోర్కీ, అదృష్టం కలిసొస్తే ఒక లైకా ఎం3 చేతికి వస్తుంది. మీట తిప్పి బటన్ నొక్కితే టిక్కుమంటుంది. కిటికీలోంచి చూస్తే అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. పని చేస్తోందని సంతోషించి రీలు వేసి, ముప్పై ఆరు ఫొటోలూ తీసి ల్యాబ్‌కు ఇస్తే కొన్ని చీకటిగా, కొన్ని మసకగా వస్తాయి.

దీనికి కారణం ఈ కెమెరా నిర్మాణంలోనే ఉంది. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మనం లెన్సులోంచే చూస్తాం కాబట్టి లెన్సు మసకబారినా, ఫోకస్ తప్పినా చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసే కిటికీ వేరు, ఫిల్మ్ చూసే లెన్సు వేరు. కిటికీ మధ్యలోని చిన్న మచ్చలో వస్తువు రెండు బింబాలుగా కనిపిస్తుంది, లెన్సు తిప్పి ఆ రెండూ కలిపితే ఫోకస్ కుదిరినట్టు. లెన్సుకు మూత పెట్టి ఉన్నా కిటికీలో లోకం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. ఫిల్మ్ మీదికి వెలుగు వదిలే షట్టర్ రెక్కలు అతుక్కుపోయినా, ఫోకస్ రెండడుగులు వెనక్కి పడినా, ఆ సంగతి చెప్పేది ఫిల్మ్ ఒక్కటే. అందుకే ఈ కెమెరా రిపేరులో మెకానిక్ చేతికి ఇవ్వకముందు, ఇచ్చి తెచ్చుకున్న తర్వాత యజమాని చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి జపాన్ కెమెరాలు. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35, దాని తర్వాతి రూపాలైన జీఎస్, జీఎస్ఎన్. 1972 నాటి కేనొనెట్ క్యూఎల్17 జీ3. మినోల్టా హైమాటిక్ వరుస. ఒలింపస్ 35 ఎస్‌పీ వంటివి. వీటికి లెన్సు ఊడదు. షట్టర్ లెన్సు లోపలే పలుచని ఉక్కు రెక్కలుగా ఉంటుంది. దీన్ని లీఫ్ షట్టర్ అంటారు. ఈ రకంలో మొదట వచ్చే జబ్బు రెక్కలకు నూనె ఎక్కి అతుక్కుపోవడం. రెండోది బ్యాటరీ గది, దాని తీగ తుప్పు పట్టడం.

రెండో కుటుంబం లైకా, దాన్ని చూసి చేసిన సోవియట్ కెమెరాలు. ఖార్కివ్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్, మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో తయారైన జోర్కీ ఈ కోవలోవే. ఇక్కడ షట్టర్ అంటే ఫిల్మ్‌కు కాస్త ముందు అడ్డంగా పరుగెత్తే రెండు గుడ్డ తెరలు. రబ్బరు పూత పూసిన ఆ గుడ్డకు వయసు పైబడితే పగుళ్లు, సూదిమొన రంధ్రాలు వస్తాయి. మూడో కుటుంబం కాంటాక్స్, దాని వారసుడైన కీవ్. వీటిలో లోహపు పట్టీల తెర నిలువుగా కదులుతుంది. ఆ తెరను లాగే పట్టు రిబ్బన్లు తెగుతాయి. కీవ్‌ను తెరవడానికి ప్రత్యేకంగా చేయి తిరిగి ఉండాలి. లైకా బాగా చేసే మెకానిక్ కూడా కీవ్ వద్దనవచ్చు, అందులో తప్పుపట్టాల్సింది లేదు.

మోడల్ పేరు, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇకపై ప్రతి అడుగులోనూ దాని అవసరం ఉంటుంది.

జబ్బులా కనిపించే సహజ గుణాలు

రిపేరుకు వచ్చే కెమెరాల్లో కొన్నింటికి అసలు ఏ జబ్బూ ఉండదు. కేనొనెట్ క్యూఎల్17 లెన్సు చుట్టూ ఉన్న వలయం ‘ఎ’ గుర్తు మీద ఉన్నప్పుడు, వెలుగు, దాన్ని కొలిచే లోపలి మీటరు పరిధిలో లేకపోతే బటన్ లోపలికి వెళ్లదు. అది రక్షణ కోసం పెట్టిన తాళం. వలయాన్ని ‘ఎ’ నుంచి తప్పించి నొక్కి చూడండి. యాషికా ఎలక్ట్రోలో బ్యాటరీ లేకపోతే షట్టర్ ప్రతిసారీ 1/500 సెకను వేగంతోనే పడుతుంది. ఇంట్లో తీసినవన్నీ చీకటిగా రావడానికి అదొక్కటే కారణం కావచ్చు. 1954లో మొదలైన లైకా ఎం3 తొలి కెమెరాల్లో ఫిల్మ్ ముందుకు నడపాలంటే మీటను రెండుసార్లు తిప్పాలి. ఒక్కసారికి ఆగిపోయిందని బలవంతం చేయకూడదు. కీవ్‌లో రేంజ్‌ఫైండర్ చిన్న కిటికీ సరిగ్గా కుడిచేతి వేళ్లు వచ్చే చోట ఉంటుంది. వేలు అడ్డొస్తే మధ్యలోని మచ్చ మాయమవుతుంది.

జోర్కీ-4 విషయంలో ఒక హెచ్చరిక: ఫిల్మ్ నడిపే గుండీ తిప్పి షట్టర్ ఎక్కించిన (నొక్కడానికి సిద్ధం చేసిన) తర్వాతే వేగం మార్చాలి. ఎక్కించక ముందు బలవంతంగా తిప్పితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. పాత కెమెరా ఏదైనా సరే, సెల్ఫ్ టైమర్ మీటను మాత్రం కదపవద్దు. ఏళ్ల తరబడి కదలని ఆ చిన్న గేర్లు మధ్యలో ఆగిపోతే షట్టర్ కూడా వాటితోపాటే ఇరుక్కుంటుంది.

ఇంట్లో చేయాల్సిన పరీక్షలు

దీనికి ఒక పగలు, ఒక రాత్రి కావాలి. పక్కన నోటుబుక్కు, టార్చిలైటు, కొలత టేపు, ఫోను పెట్టుకోండి.

ముందు షట్టర్. కెమెరాను రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే వెనుక తలుపు తెరిచి, అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, తెల్లటి గోడ వైపు చూస్తూ మొదటి నొక్కు నొక్కండి. ఈ మొదటి నొక్కే అసలు సాక్ష్యం. అతుక్కున్న రెక్కలు నాలుగైదు సార్లు కదిలాక వదులై మామూలుగా తెరుచుకుంటాయి. అప్పుడు చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మెకానిక్ కౌంటరు మీద పదిసార్లు నొక్కి “బాగానే ఉందండీ” అనడం వెనుక కూడా చాలాసార్లు ఇదే ఉంటుంది. మొదటి నొక్కులో ఏం జరిగిందో వీలైతే ఫోనులో వీడియో తీసి ఉంచండి.

తర్వాత ఒక సెకను, అర సెకను, పావు సెకను వేగాలు వినండి. సన్నని గేర్ల చప్పుడు ఒకే లయలో సాగాలి. మధ్యలో తడబడినా, ఆగి మళ్లీ మొదలైనా నెమ్మది వేగాల గేర్లలో గ్రీజు గట్టిపడిందని అర్థం. కొలవాలనుకుంటే ఫోనులోని స్లో మోషన్ వీడియో కొంతవరకు పనికొస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో ఒక సెకను షట్టర్ దాదాపు 240 ఫ్రేముల పాటు, 1/30 అయితే ఎనిమిది ఫ్రేముల పాటు తెరిచి కనిపించాలి. 1/125 దగ్గరికి వచ్చేసరికి అది రెండు ఫ్రేములే అవుతుంది. ఆపై వేగాలకు ఈ పద్ధతిని నమ్మవద్దు, వాటికి కాంతిని కొలిచే పరికరమే కావాలి. యాషికా ఎలక్ట్రోలో వేగాన్ని మనం పెట్టలేం కాబట్టి వేరే సంగతి వినాలి. మీట తిప్పేటప్పుడు లోపల ‘టక్’ మని ఒక చప్పుడు రావాలి. అది రాకపోతే లోపలున్న చిన్న రబ్బరు మెత్త కరిగిపోయింది. ఈ మోడల్‌కు ఇది పేరుమోసిన జబ్బు. మెత్త మార్చితే కెమెరా మళ్లీ సరిగ్గా పని చేస్తుంది.

గుడ్డ తెరలున్న కెమెరా అయితే చీకటి గదిలో లెన్సు ఊడదీసి, ముందు నుంచి టార్చి వేసి వెనుక నుంచి చూడండి. ఒకసారి షట్టర్ ఎక్కించక ముందు, ఒకసారి ఎక్కించిన తర్వాత చూడాలి. ఎందుకంటే ఆ రెండు స్థితుల్లో ఎదురుగా ఉండే తెరలు వేరు వేరు. నక్షత్రాల్లా చుక్కలు మెరిస్తే రంధ్రాలున్నట్టే. వెనుక తలుపు లేని లైకా 3 వంటి వాటిలో ఇది కుదరదు. వాటిలో ఫిల్మ్ వేసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, షట్టర్ నొక్కకుండా లెన్సును అర నిమిషం పగటి వెలుగు వైపు ఉంచి, ఆ తర్వాత ముందుకు తిప్పండి. ఆ ఫ్రేములో చుక్కలు పడితే సంగతి తెలిసిపోతుంది. లెన్సును నేరుగా సూర్యుడి వైపు మాత్రం తిప్పవద్దు. రేంజ్‌ఫైండర్‌లో అడ్డుగా అద్దం ఉండదు కాబట్టి లెన్సు భూతద్దంలా ఎండను నేరుగా గుడ్డ తెర మీదే పోగు చేసి కాలుస్తుంది. మన ఎండల్లో ఇలా పాడైన తెరలు తక్కువేమీ కాదు.

ఇక రేంజ్‌ఫైండర్. ఇది మూడు దూరాల్లో చూడాలి. రాత్రి ఒక నక్షత్రాన్నో, కిలోమీటరుకు పైగా దూరంలో సెల్ టవర్ మీది ఎర్ర దీపాన్నో ఎంచుకుని, లెన్సును అనంతం గుర్తు దాకా తిప్పండి. రెండు బింబాలూ ఒక్కటిగా కలిసిపోవాలి. పక్కపక్కన నిలిస్తే అడ్డం సర్దుబాటు తప్పింది. ఒకదాని మీద ఒకటి నిలిస్తే నిలువు సర్దుబాటు తప్పింది. చిన్న వెలుగు చుక్కలో నిలువు తేడా కనిపించినంత బాగా పగటి వేళ గోడలో కనిపించదు. తర్వాత పగలు, కెమెరా పైభాగాన సున్నాను గీత కోసినట్టుండే గుర్తు నుంచి సరిగ్గా ఒక మీటరు టేపుతో కొలిచి ఒక వస్తువు పెట్టండి. కిటికీలో బింబాలు కలిసినప్పుడు లెన్సు మీది అంకె ఎంత చూపుతోందో రాసుకోండి. మూడు మీటర్ల దగ్గర కూడా అలాగే చూడండి. అనంతం సరిగా ఉండి దగ్గర తప్పుతోందా, అన్ని దూరాల్లోనూ ఒకే వైపు తప్పుతోందా అన్నది మెకానిక్‌కు చాలా ముఖ్యం. మొదటిది లెన్సునూ రేంజ్‌ఫైండర్‌నూ కలిపే లోపలి చేయి కదలికలో లోపం, రెండోది తరచుగా ఒక స్క్రూ సర్దుబాటుతో పోయేది.

మధ్య మచ్చ వెలిసిపోయి ఉంటే, కిటికీ గాజుల మీద పేరుకున్న మసకా, లోపలి సగం పారదర్శక అద్దం పూత పోయిందా అన్నది తేల్చాలి. కిటికీలోకి పక్క నుంచి టార్చి వేస్తే దుమ్ము, మసక తెలిసిపోతాయి. మసక తుడిస్తే పోతుంది. పూత పోతే అద్దమే మార్చాలి. కిందపడిన లైకా ఎం3లో ఇంకో జబ్బు వస్తుంది: రేంజ్‌ఫైండర్ పట్టకంలో గాజులను అతికించిన బాల్సమ్ అనే జిగురు విడిపోయి చూపు నల్లబడుతుంది. అది పెద్ద రిపేరు. కొనే ముందు కిటికీలోంచి చూడకుండా ఎం3 కొనవద్దు.

కిటికీ, అంకె కలిసినంత మాత్రాన లెన్సు నిజంగా అక్కడే ఫోకస్ చేస్తోందని చెప్పలేం. వెనుక తలుపు తెరుచుకునే కెమెరాలో దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒకవైపు గరుకుగా ఉన్న గాజుముక్కను ఫిల్మ్ ఆనే లోపలి పట్టాల మీద, గరుకు వైపు లెన్సుకు ఎదురుగా ఉండేలా పెట్టండి. షట్టర్‌ను ‘బి’ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఆ గాజు మీది బొమ్మను భూతద్దంతో చూడండి. లెన్సు అనంతం మీద ఉంటే దూరపు టవర్ అక్కడ పదునుగా ఉండాలి. సెల్లోటేపు అతికించి కూడా కొందరు చూస్తారు కానీ టేపు వంగిపోతుంది, దాన్ని నమ్మి కెమెరా తప్పు పట్టకూడదు.

లెన్సు పరీక్ష తొందరగా అయిపోతుంది. షట్టర్ ‘బి’ మీద తెరిచి వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా పాకినది ఫంగస్, పొగమంచులా పరుచుకున్నది లోపలి నూనెల ఆవిరి, అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే గాజుల మధ్య జిగురు విడిపోవడం. మసక పోతుంది. ఫంగస్‌ను తుడవవచ్చు కానీ అది పూతను తినేసిన చోట మచ్చ మిగిలిపోతుంది. జిగురు విడిపోయిన లెన్సుకు అయ్యే ఖర్చు చాలాసార్లు ఇంకో కెమెరా కొనడానికి సరిపోతుంది. సన్నని గీతలు ఒకటి రెండు ఉన్నా ఫొటోలో తేడా తెలియదు, వాటి గురించి బెంగ అక్కర్లేదు.

బ్యాటరీ సంగతి తేల్చుకున్నాకే మీటరును తప్పు పట్టండి

ఆ రోజుల్లో ఈ కెమెరాలు పాదరసం బ్యాటరీలతో నడిచేవి. వాటి ప్రత్యేకత చివరిదాకా 1.35 వోల్టులు నిలకడగా ఇవ్వడం. పాదరసం విషం కాబట్టి దేశాలు ఒక్కొక్కటిగా వాటిని ఆపేశాయి. 2013లో కుదిరిన, పాదరసం మీది అంతర్జాతీయ మినమాటా ఒప్పందం వాటికి పూర్తిగా తెర దించింది. కేనొనెట్‌లో అదే ఆకారపు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే సాధారణంగా మీటరు వెలుగును ఎక్కువగా చదువుతుంది, ఫొటోలు చీకటి పడతాయి. పైగా వాడేకొద్దీ దాని వోల్టేజి పడిపోతుంది. దీనికి తేలికైన మార్గం చెవి మిషన్లకు వేసే 675 జింక్ ఎయిర్ బ్యాటరీ. 1.4 వోల్టులు ఇస్తుంది, చెవి మిషన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పాతదానికంటే చిన్నది కనుక చుట్టూ ఒక రబ్బరు వలయం వేయాలి. గాలి రంధ్రాల మీది స్టిక్కరు పీకాక కొన్ని వారాలే పని చేస్తుంది. యాషికా ఎలక్ట్రోకు కావాల్సింది 5.6 వోల్టులు. దానికి అడాప్టరుతో 6 వోల్టుల బ్యాటరీ వేస్తే కెమెరా బాగానే నడుస్తుంది.

సరైన బ్యాటరీ వేశాక మీటరును ఫోనులోని లైట్ మీటర్ యాప్‌తో ఒకే గోడ మీద పోల్చండి. ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు లేదా సగం) లోపు తేడా అన్ని వెలుగుల్లో ఒకేలా ఉంటే ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) అంకె మార్చి సర్దుకోవచ్చు. వెలుగు మారినప్పుడల్లా తేడా మారుతుంటే అప్పుడు రిపేరు చీటీలో రాయండి. జోర్కీ-4కూ ఎం3కీ లోపల మీటరే లేదు కనుక ఈ బాధ లేదు.

మీరు చేసుకోదగినవి, ముట్టకూడనివి

బ్యాటరీ గదిలో తెల్లగా, పచ్చగా పేరుకున్న తుప్పును వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో ఆరబెట్టవచ్చు. వెనుక తలుపు గాడిలో వెలుగు రాకుండా అతికించిన నురుగు పట్టీలు నల్లని జిగురుగా మారిపోయి ఉంటాయి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, చెక్క పుల్లతో గీరి తీసి, కొత్త పట్టీ గానీ నల్లటి ఊలు దారం గానీ గాడిలో పరచవచ్చు. గీరిన ముక్కలు షట్టర్ వైపు పడకుండా చూసుకుంటే చాలు. ఇది ఎవరైనా మధ్యాహ్నం పూట కూర్చుని చేసుకోగల పని. దీనికి మెకానిక్‌కు డబ్బులివ్వనక్కర్లేదు.

షట్టర్‌లో నూనె వేయవద్దు. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏదైనా సరే వద్దు. లీఫ్ షట్టర్ రెక్కలు పొడిగా ఉన్నప్పుడే పని చేస్తాయి. ఒక్క చుక్క నూనె వాటిని ఈరోజు కదిలించి వచ్చే నెల అతికించేస్తుంది. లైటర్ ఇంధనం పోసి కడిగితే వెంటనే ఫలితం కనిపిస్తుంది, కానీ నూనె ఎక్కడికీ పోదు, కరిగి పక్కకు పాకి, కొన్నాళ్లకు తిరిగి వస్తుంది. రేంజ్‌ఫైండర్ లోపలి అద్దాన్ని ఆల్కహాల్‌తో తుడిస్తే మురికితోపాటు పూత కూడా ఊడి వస్తుంది. అది మళ్లీ వేయడం కుదరదు. స్క్రూలు విప్పాలనే కోరిక ఉంటే ఒక మాట: జపాన్ కెమెరాల స్క్రూలకు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టదు, తల అరిగిపోతుంది. జేఐఎస్ అనే జపాన్ ప్రమాణపు స్క్రూడ్రైవర్ వాడాలి. తల అరిగిన స్క్రూ చూడగానే అనుభవమున్న మెకానిక్ “ఎవరో తెరిచారు” అంటాడు, పని ధర కూడా అక్కడే మారుతుంది.

ఖర్చు పెట్టాలా?

మార్కెట్ ధరతో పోల్చితే యాషికా, కేనొనెట్‌ల పూర్తి సర్వీసు చాలాసార్లు కెమెరా ధరతో సమానం, కొన్నిసార్లు ఎక్కువ. జోర్కీకైతే మరీ. లైకాకు మాత్రం సర్వీసు ఖర్చు దాని విలువలో చిన్న భాగమే. ఇది లెక్క. కానీ అది మీ ఇంటి పెళ్లిళ్లు తీసిన కెమెరా అయితే ఈ లెక్క వర్తించదు, వర్తించనూ కూడదు. కొనుక్కున్న కెమెరా విషయంలో మాత్రం గట్టిగా ఆలోచించండి. లీఫ్ షట్టర్ శుభ్రం చేయడం, రేంజ్‌ఫైండర్ సర్దడం, తెరలు మార్చడం అన్నీ చేయదగినవే. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పోయిన యాషికాకు కొత్త విడిభాగాలు రావు. అదే మోడల్‌లో పాడైన ఇంకో కెమెరా సంపాదించి దాని భాగాలు వాడాల్సిందే. ఆ రెండో కెమెరా మీరే వెతికి ఇస్తే పని త్వరగా అవుతుంది.

మెకానిక్‌ను ఎలా వెతకాలి

మీ ఊళ్లో నలభై ఏళ్లుగా నడుస్తున్న ఫొటో స్టూడియోకు వెళ్లి, రీళ్ల కాలంలో వాళ్ల కెమెరాలు ఎవరికి ఇచ్చేవారో అడగండి. బోర్డులు లేని మంచి మెకానిక్‌లు అలాగే దొరుకుతారు. దేశంలో పాత ఫొటో బజార్లు మూడు పేరున్నవి ఉన్నాయి: ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌదరి, ముంబై ఫోర్ట్ ప్రాంతంలోని బోరా బజార్, కోల్‌కతా ఎస్‌ప్లనేడ్ దగ్గరి మెట్రో గల్లీ. లైకా అయితే జర్మనీలోని వెట్స్‌లార్‌లో కంపెనీ సొంత సర్వీసు ఉంది, పాత ఎం కెమెరాలను కూడా చూస్తుంది. అమెరికా, ఐరోపాల్లో ఉంటున్న తెలుగువారికి అక్కడే ఒక్కో మోడల్‌లో ప్రావీణ్యమున్న మెకానిక్‌లు దొరుకుతారు. ఇక్కడి కెమెరాను సెలవుల్లో వచ్చిన బంధువు చేతికిచ్చి పంపడం చాలామంది చేసే పనే.

మాట్లాడేటప్పుడు కొన్ని ప్రశ్నలు తప్పక అడగండి. ఈ మోడల్ ఇంతకుముందు తెరిచారా? షట్టర్ వేగాలు కొలిచి, రిపేరుకు ముందూ తర్వాతా ఉన్న అంకెలు రాసిస్తారా? రేంజ్‌ఫైండర్‌ను అనంతం దగ్గరే చూస్తారా, దగ్గరి దూరాల్లో కూడా చూస్తారా? మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా? పని తర్వాత ఎన్నాళ్లు హామీ? మంచి మెకానిక్‌కు ఈ ప్రశ్నలు నచ్చుతాయి. ఆయన పని విలువ తెలిసినవారు వచ్చారని అర్థమవుతుంది. “అన్నీ చేస్తాం, వదిలేసి వెళ్లండి” అని మాత్రమే చెప్పేచోట కెమెరా వదలవద్దు. వాచీలు బాగుచేసే పెద్దాయన నెమ్మది వేగాల గేర్లు చక్కగా శుభ్రం చేయగలరు. రేంజ్‌ఫైండర్‌ను లెన్సుతో జత కలపడం మాత్రం వేరే విద్య.

అంకెల గురించి అంచనా ఉండాలి. యాభై ఏళ్ల యాంత్రిక షట్టర్ 1/1000 దగ్గర 1/700 ఇస్తే అది లోపం కాదు, అర స్టాప్ తేడా. దానికోసం స్ప్రింగులను బిగించమని పట్టుబడితే తెర మీద భారం పెరుగుతుంది. నెమ్మది వేగాలు, మధ్య వేగాలు సరిగ్గా ఉంటే సంతోషించండి.

చీటీ రాయండి, తర్వాత ప్యాక్ చేయండి

కెమెరాతోపాటు కాగితం మీద రాసిన చీటీ ఉండాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

“అయ్యా, ఇది కేనొనెట్ క్యూఎల్17 జీ3. సీరియల్ నంబరు పైన రాశాను. రాత్రంతా ఉంచి పొద్దున మొదటిసారి నొక్కితే షట్టర్ రెక్కలు తెరుచుకోవడం లేదు. నాలుగోసారి నుంచి తెరుచుకుంటున్నాయి. రేంజ్‌ఫైండర్ అనంతం దగ్గర సరిగానే ఉంది. ఒక మీటరు దగ్గర పెట్టిన వస్తువుకు లెన్సు 1.2 చూపుతోంది. మీటరు 675 బ్యాటరీతో బాగానే ఉంది, దాన్ని కదపనక్కర్లేదు. వెలుగు పట్టీలు నేనే కొత్తవి వేశాను. ఖర్చు ముందు అనుకున్నది దాటేటట్టుంటే దయచేసి ఫోను చేసి అడిగాకే పని మొదలుపెట్టండి.”

ఏం చేయాలో ఎంత స్పష్టంగా రాస్తామో, ఏది వద్దో కూడా అంతే స్పష్టంగా రాయాలి. తోలు తొడుగు, పట్టీ, ఫిల్టరు ఇంట్లోనే ఉంచండి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, సీరియల్ నంబరు చదవగలిగేలా ఒకటి. షట్టర్ ఎక్కించి ఉంటే నొక్కి దింపండి, లెన్సు అనంతం మీద పెట్టండి, బ్యాటరీ తీసేయండి. ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్‌తో మూసి, మెత్తలు చుట్టి, ఒక పెట్టెలో మరో పెట్టె పెట్టి పంపండి. రేంజ్‌ఫైండర్‌కు దారిలో తగిలే కుదుపే పెద్ద శత్రువు.

విదేశానికి పంపేటప్పుడు ‘రిపేరు కోసం వెళ్తోంది, తిరిగి వస్తుంది’ అని కస్టమ్స్ పత్రాల్లో సీరియల్ నంబరుతో సహా నమోదు చేయించండి. అలా నమోదై, వచ్చింది అదే కెమెరా అని రుజువైతే సుంకాన్ని రిపేరు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మీదే లెక్కగట్టే వీలుంది. ఆ కాగితం లేకపోతే మీ కెమెరాకే మీరు దిగుమతి సుంకం కట్టాల్సి రావచ్చు.

తిరిగి వచ్చాక: పరీక్ష రీలు

హామీ గడువు ముగిసేలోపు, వీలైతే మొదటి వారంలోనే ఒక రీలు పూర్తిగా పరీక్షకే కేటాయించండి. మళ్లీ ముందు ఇంటి పరీక్షలన్నీ చేసి, పాత నోటుతో పోల్చి, అప్పుడు ఫిల్మ్ వేయండి. వంద ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ చాలు. కలర్ నెగెటివ్ అయితే ఎక్కువ వెలుగును చాలావరకు సర్దుకుని షట్టర్ తప్పును దాచేస్తుంది. స్లైడ్ ఫిల్మ్ ఏమీ దాచదు కానీ ఖరీదు.

నిండు ఎండ పడుతున్న ఒక గోడను ఎఫ్/16 అపెర్చర్‌లో 1/125, ఎఫ్/11లో 1/250, ఎఫ్/8లో 1/500, మీ కెమెరాలో ఉంటే ఎఫ్/5.6లో 1/1000 చొప్పున తీయండి. నాలుగింటిలోనూ ఫిల్మ్‌కు చేరే వెలుగు ఒకటే. తర్వాత ట్రైపాడ్ మీద పెట్టి నీడలోని గోడను ఎఫ్/5.6లో 1/60, ఎఫ్/8లో 1/30, ఎఫ్/11లో 1/15, ఎఫ్/16లో 1/8 తీయండి. ప్రతి వరుసలోని నెగెటివ్‌లు ఒకే సాంద్రతతో ఉండాలి. ఏది తేడాగా ఉందో ఆ వేగమే తప్పు. యాషికా ఎలక్ట్రోలో అపెర్చర్ మాత్రమే మారుస్తూ తీయండి, వేగం అదే సర్దుకోవాలి.

సాయంత్రం వెలుగు తగ్గాక ఫోకస్ పరీక్ష. ఎండలో అపెర్చర్ పూర్తిగా తెరవలేం, తెరవకపోతే తప్పు బయటపడదు. బల్ల మీద వార్తాపత్రిక పరిచి, ఒక వరుస కింద ఎర్రగీత గీసి, ఏటవాలుగా ఒక మీటరు నుంచి ఆ గీత మీద ఫోకస్ చేసి తీయండి. రెండు మీటర్ల దగ్గర నిలబడ్డ మనిషి కళ్ల మీద, ఐదు మీటర్ల దగ్గర ఇంటి గేటు మీద, చివరగా దూరపు టవర్ మీద కూడా. ఒక్కో దూరానికి రెండు ఫ్రేములు తీయండి, రెండోసారి ఫోకస్ మళ్లీ మొదటి నుంచి చేసి తీయాలి. అప్పుడు మన కంటి పొరపాటు, కెమెరా తప్పు విడివిడిగా తెలుస్తాయి. మిగిలిన ఫ్రేముల్లో కొన్నింటిని మూత తీసిన కెమెరాను కాసేపు ఎండలో ఉంచి తీయండి. లెన్సు సూర్యుడి వైపు లేకుండా చూసుకోండి. వెలుగు ఎక్కడినుంచైనా చొరబడుతుంటే అప్పుడే బయటపడుతుంది.

ల్యాబ్‌లో రెండు మాటలు చెప్పండి: ఫిల్మ్‌ను ముక్కలుగా కత్తిరించవద్దని, స్కాన్ చేసేటప్పుడు వెలుగును సరిదిద్దవద్దని. స్కానర్ ప్రతి ఫ్రేమునూ బాగు చేసేస్తే ఇంత శ్రమా వృథా. నెగెటివ్‌ను కిటికీకి అడ్డుపెట్టి కంటితోనే చదవండి. ఫ్రేముల మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఫిల్మ్ నడిపే గేర్లలో లోపం. పళ్ల రంధ్రాల వైపు నుంచి లోపలికి పాకిన నల్లని చారలు వెనుక తలుపు పట్టీల దోషం. ప్రతి ఫ్రేములో ఒకేచోట నల్లని చుక్క పడితే తెరలో రంధ్రం. గుడ్డ తెర కెమెరాలో ఎక్కువ వేగాల దగ్గర ఫ్రేము ఒక పక్కకు పలచబడితే రెండు తెరలూ ఒకే వేగంతో పరుగెత్తడం లేదు. వార్తాపత్రిక ఫ్రేములో పదును ఎర్రగీతకు ముందుందా వెనుకుందా, ఎన్ని వరుసల తేడా అన్నది లెక్కపెట్టి రాయండి.

ఏదైనా తప్పు కనిపిస్తే ఆ నెగెటివ్‌తో సహా మెకానిక్ దగ్గరకు వెళ్లండి. కోపంతో వెళ్లనక్కర్లేదు. సర్దుబాటు రెండోసారి చేయాల్సి రావడం ఈ కెమెరాల్లో మామూలే. “మసకగా వస్తోంది” అంటే ఆయనకు ఏమీ తెలియదు. “ఒక మీటరు దగ్గర ఫోకస్ నాలుగు వరుసలు వెనక్కి పడుతోంది, అనంతం దగ్గర సరిగా ఉంది” అంటే ఏ స్క్రూ తిప్పాలో చేతికి తెలిసిపోతుంది.

ఆ తర్వాత

నెలకోసారి కెమెరా బయటకు తీసి అన్ని వేగాల్లోనూ కొన్నిసార్లు నొక్కండి. వాడని గ్రీజే గట్టిపడుతుంది. వేసవిలో నిలిపిన కారులో వదలవద్దు. ఆ వేడికి నూనె పలచబడి రెక్కల మీదికి పాకుతుంది, ఇప్పుడే చేయించిన పని పాడవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో గాలి తేమ ఎక్కువ. కెమెరాను 40 నుంచి 50 శాతం తేమ దగ్గర ఉంచాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు ఉంటే చాలు, ఖరీదైన అల్మారా అవసరం లేదు. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టండి. నెల రోజులకు మించి వాడనప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. కెమెరాతో వచ్చిన తోలు తొడుగు ఎంత అందంగా ఉన్నా దానిలో పెట్టి దాచవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్ అక్కడి నుంచే లెన్సుకు ఎక్కుతుంది. తొడుగును వేరే సంచిలో ఉంచి, కెమెరాను బయటకు తీసుకెళ్లే రోజున మాత్రమే తొడగండి.